చర్చి ప్రహరీ లోపల ఆకురాలు కాలం: డేనిష్ ప్రకృతి చిత్రాల్లోని ఆ నిశ్శబ్దం ఎక్కడిది?

సంక్షిప్తంగా: డెన్మార్క్ చిత్రకారులు గీసిన చర్చి ఆవరణలను, అందులోనూ ఆకులు రాలే రోజుల్లోని సమాధులను చూసినవారు వాటిని మరణం మీద గీసిన బొమ్మలుగానే చదువుతుంటారు. అయితే ఆ నిశ్శబ్దంలో ఎక్కువ పాలు ఉత్తరదేశపు వాలు వెలుతురుది, ఊరి చర్చి కట్టడపు తీరుది, లూథరన్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవ) ఆచారాల నిరాడంబరత్వానిది. చిత్రకారుల ఏడాది పనివరుసకూ అందులో వాటా ఉంది. దుఃఖం ఆ చిత్రాల్లో లేదని కాదు. అది చివరగా వచ్చి చేరింది.

పేర్ల దగ్గరే మొదలయ్యే తికమక

డెన్మార్క్ జాతీయ చిత్రశాల హక్కుల గడువు తీరిన చిత్రాలను ఎవరైనా వాడుకునేలా ఇంటర్నెట్‌లో ఉంచింది. 2023లో న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియం 19వ శతాబ్దపు డేనిష్ కళపై పెద్ద ప్రదర్శన పెట్టింది. దాంతో ఒకప్పుడు ఆ దేశం దాటి పెద్దగా తెలియని చిత్రాలు ఇప్పుడు ప్రపంచమంతా తిరుగుతున్నాయి. వాటితో పాటు తప్పుడు వివరణలూ తిరుగుతున్నాయి. తెలుగులో ఈ చిత్రాల గురించి రాసేటప్పుడు మొదటి చిక్కు రెండు మాటల దగ్గర వస్తుంది.

మొదటిది స్థలం పేరు. డేనిష్‌లో సమాధులుండే చోటును ‘కిర్కెగోర్’ అంటారు. కిర్కె అంటే చర్చి, గోర్ అంటే పెరడు లేదా ఆవరణ. తత్త్వవేత్త సోరెన్ కీర్కెగార్డ్ ఇంటిపేరు ఈ మాటకే పాత వర్ణక్రమం. దీన్ని ‘శ్మశానం’ అని తెనిగిస్తే ఊరి పొలిమేర, అశుచి, భయం అన్నీ వెంట వచ్చేస్తాయి. డేనిష్ పల్లెలో ఈ ఆవరణ పొలిమేరలో ఉండదు. జనం ప్రతి ఆదివారం నడిచే దారి దాని మధ్యగానే పోతుంది. పెళ్లి బృందమూ, బాప్తిస్మానికి తెచ్చిన పసిబిడ్డా ఆ సమాధుల వరసల మధ్య నుంచే లోపలికి వెళ్తారు. కాబట్టి అక్కడివారికి అది రోజూ కంటపడే తోట లాంటిది.

రెండవది రుతువు పేరు. యూరప్‌లో ఆకులు రాలే కాలాన్ని ‘శరత్తు’ అని రాయడం మనకు అలవాటు. శరత్తు అనగానే తెలుగు పాఠకుడికి వెన్నెల, తేరిన నీళ్లు, తేటపడిన ఆకాశం మనసులో మెదులుతాయి. ఆకులు రాలడం మన లెక్కలో శిశిరానికి చెందిన పని. డెన్మార్క్‌లో అక్టోబరు, నవంబరు నెలలు ఈ రెంటిలో దేనికీ సరిపోవు. తడి, పొగమంచు, త్వరగా వాలిపోయే పగలు, రాగిరంగుకు తిరిగిన బీచ్ చెట్ల ఆకులు ఆ రోజుల గుర్తులు. డేనిష్‌లో ఆ రుతువు పేరు ‘ఎఫ్టరోర్’, అంటే ఏడాదిలో వెనకటి భాగం. అందుకే ఈ వ్యాసంలో ‘ఆకురాలు కాలం’ అనే మాటే వాడడం జరిగింది.

గోడ, గంట, గడ్డి: ఆవరణ కట్టడం

చిత్రంలోని ప్రశాంతతను అర్థం చేసుకోవాలంటే చిత్రకారుడి కంటే ముందు ఆ స్థలాన్ని కట్టిన చేతులను చూడాలి. మధ్యయుగంలో, ముఖ్యంగా 12, 13 శతాబ్దాల్లో కట్టిన ఊరి చర్చిలు డెన్మార్క్‌లో వెయ్యికి పైగా నేటికీ నిలిచి ఉన్నాయి. చాలావాటికి సున్నం కొట్టిన తెల్లటి గోడలు, ఎర్ర పెంకుల కప్పు, మెట్లు మెట్లుగా పైకి లేచే ముందుగోడ ఉంటాయి. జట్లాండ్ ప్రాంతంలో చెక్కిన గ్రానైటు రాళ్ల గోడలు, సీసపు రేకుల కప్పులు ఎక్కువ. పొలాల్లో ఏరిన గుండురాళ్లను పేర్చి కట్టిన నడుమెత్తు ప్రహరీ ఆవరణ చుట్టూ సాగుతుంది. గోడ వెంబడి లిండెన్, ఆష్ చెట్లు. సమాధికీ సమాధికీ మధ్య కత్తిరించి పెంచిన పొట్టి కంచె మొక్కలు.

చర్చి పొడవు తూర్పు పడమరలుగా ఉంటుంది. గంటల గోపురం సాధారణంగా పడమటి కొసన నిలుస్తుంది. లోపలికి వెళ్లే వసారాను డేనిష్‌లో ‘ఆయుధాల గది’ అనే అర్థమిచ్చే పేరుతో పిలుస్తారు, అది ఎక్కువగా దక్షిణం వైపు ఉంటుంది. ఈ దిక్కుల సంగతి చిత్రకారుడికి చాలా ముఖ్యం. దక్షిణం వైపు నిలబడి గీస్తే ఎండ పడిన తెల్లగోడ ఎదురుగా వెలుగుతుంది. ఉత్తరం వైపు నిలబడితే అదే చర్చి ఆకాశానికి అడ్డంగా నిలిచిన నీలి బూడిదరంగు ముద్దలా మారి, తన నీడను సమాధుల మీదికి చాస్తుంది. ఒకే చర్చిని ఒకే రోజున గీసిన రెండు చిత్రాలు, ఒకటి ఊరటగా, మరొకటి బరువుగా తోచడానికి ఈ దిక్కు మార్పు చాలు.

తెల్లగోడ విషయంలో ఇంకొక మాట చెప్పాలి. మబ్బు పట్టిన నవంబరు రోజున సున్నపు గోడ తెల్లగా కనిపించదు. గోడ అడుగు భాగం తడిసి ఆకుపచ్చ నాచు పట్టి ఉంటుంది. దాని పైన రాలిన ఆకుల మీంచి తిరిగి వచ్చిన పసుపు వెలుగు సన్నగా పారుతుంది. చూరు దగ్గరకు వచ్చేసరికి ఆ రంగు ఊదా కలిసిన బూడిదలోకి జారిపోతుంది. సీసపు తెలుపులో కొద్దిగా ఓకర్ మట్టిరంగు, ఇంకా కొద్దిగా నీలం కలిపి ఈ మూడు మెట్లనూ పట్టుకోగలిగితే చాలు, మనిషి బొమ్మ ఒక్కటీ గీయకుండానే రోజు, గంట, వాతావరణం తెలిసిపోతాయి. ఈ చిత్రాల్లో గోడకు అంత చోటు దక్కడం వెనుక ఈ పనితనం ఉంది.

వెలుతురు లెక్క

కోపెన్‌హేగెన్ నగరం సుమారు 55.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. నవంబరు 1న మిట్టమధ్యాహ్నం అక్కడ సూర్యుడు దిగంతం నుంచి దాదాపు 20 డిగ్రీల ఎత్తుకు మాత్రమే లేస్తాడు. అదే రోజు హైదరాబాదులో ఆ ఎత్తు సుమారు 58 డిగ్రీలు. నవంబరులో హైదరాబాదు నెత్తిన ఉండే సూర్యుడు, కోపెన్‌హేగెన్‌లో నడివేసవి మధ్యాహ్నం కనిపించే సూర్యుడు ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటారన్నమాట. నవంబరు 1న మీటరు ఎత్తున్న సమాధి రాయి నీడ హైదరాబాదులో మధ్యాహ్నం అరవై సెంటీమీటర్లకు కాస్త మించితే, కోపెన్‌హేగెన్‌లో రెండు మీటర్ల డెబ్బై సెంటీమీటర్ల దాకా పాకుతుంది. అదీ రోజులోకెల్లా పొట్టి నీడ.

దీని ఫలితం చిత్రంలో నేరుగా కనిపిస్తుంది. మనం సాయంకాలపు వెలుతురు అనుకునేది అక్కడ ఆ రుతువులో రోజంతా ఉండే వెలుతురే. నీడలు పొడవుగా పడుకుని ఉంటాయి కాబట్టి నేల మీది ప్రతి చిన్న ఎత్తుపల్లమూ, కుంగిన ప్రతి పాత సమాధీ బయటపడుతుంది. ఆకులు రాలిన కొమ్మల గుండా ఆకాశం లోపలికి దిగుతుంది. వేసవిలో చెట్ల గుబురు మింగేసిన చర్చి గోపురం ఆకురాలు కాలంలో మళ్లీ కళ్ల ముందుకు వస్తుంది. నవంబరు వచ్చేసరికి పగలు తొమ్మిదిన్నర గంటలు కూడా నిండదు. ఈ పరిస్థితుల్లో గీసిన దృశ్యాన్ని చూసి ‘సంధ్యాసమయపు విషాదం’ అని రాసే విమర్శకుడు పన్నెండింటి వేళను ఆరింటి వేళగా పొరబడుతూ ఉండవచ్చు.

స్వర్ణయుగం ఈ రుతువును ఎందుకు దాటవేసింది

డేనిష్ కళా చరిత్రలో 19వ శతాబ్దపు మొదటి సగాన్ని స్వర్ణయుగం అంటారు. 1807లో బ్రిటిష్ నౌకాదళం కోపెన్‌హేగెన్‌ను ఫిరంగులతో కాల్చడం, 1813లో రాజ్యం దివాళా తీయడం, 1814లో నార్వేను పోగొట్టుకోవడం వంటి దెబ్బల తర్వాతే ఆ చిత్రకళ వికసించింది. 1818 నుంచి రాయల్ అకాడమీలో ఆచార్యుడిగా ఉన్న సి.డబ్ల్యు. ఎకర్స్‌బెర్గ్ శిష్యులను గది బయటికి తీసుకెళ్లి ఎదుట ఉన్నదాన్ని ఉన్నట్టు గీయడం నేర్పాడు. రోజువారీ వాతావరణాన్ని తన దినచర్య పుస్తకంలో నమోదు చేసుకునే మనిషి అతడు. అంత శ్రద్ధ ఉన్న బృందం ఆకురాలు కాలపు చిత్రాలను తక్కువగానే మిగిల్చింది.

ఇందుకు కారణం పని వరుసలో ఉంది. చిత్రకారులు వేసవిలో పల్లెలు తిరిగి పెన్సిలు గీతలు, కాగితం మీద చిన్న తైలవర్ణ అధ్యయనాలు చేసుకునేవారు. చలికాలమంతా గదిలో కూర్చుని వాటి నుంచి పెద్ద చిత్రాన్ని తయారు చేసి, వసంతంలో షార్లోటెన్‌బోర్గ్ భవనంలో జరిగే ప్రదర్శనకు పంపేవారు. అక్టోబరు, నవంబరు నెలలు ఈ రెంటి మధ్య ఇరుక్కున్నాయి. చేతులు కొంకర్లు పోయే చలి, ఎప్పుడు పడుతుందో తెలియని జల్లు, కుదించుకుపోయిన పగలు కూడా బయటి పనికి అడ్డం. రంగును మూసి పెట్టుకోగల తగరపు గొట్టం 1841లో గానీ రాలేదు.

అందుకే క్రిస్టెన్ కోబ్కె 1838లో గీసిన ‘సోర్టెడామ్ సరస్సు వద్ద ఆకురాలు కాలపు ఉదయం’ ప్రత్యేకంగా నిలుస్తుంది. ఆ సరస్సు అతడి ఇంటికి దగ్గర. అక్కడ గీయడానికి వేసవి ప్రయాణం అక్కర్లేదు. అందులో సమాధులు లేవు. ఆకులు పోగొట్టుకున్న చెట్లూ, తేలిపోయిన పలచటి వెలుగూ మాత్రం ఉన్నాయి. తర్వాతి తరం చర్చి ఆవరణల చిత్రాలకు కావలసిన రంగుల పలక ఇక్కడే సిద్ధమైందని చెప్పవచ్చు.

దిబ్బ నుంచి ప్రహరీ దాకా

సమాధి డేనిష్ ప్రకృతి చిత్రంలోకి చర్చి గేటు గుండా రాలేదు. పొలం గుండా వచ్చింది. జీలాండ్ దీవి నిండా చరిత్రకు ముందటి సమాధులున్నాయి. పెద్ద బండలు నిలబెట్టి పైన మరొక బండ కప్పిన కట్టడాలు, తెలంగాణ పల్లెల్లో రాకాసి గుళ్లు అనే వాటి కోవలోనివి, పంట చేల మధ్యలో కనిపిస్తాయి. 1807లో ప్రాచీన వస్తువుల రక్షణకు రాజ్యం ఒక సంఘాన్ని నియమించాక వీటికి గౌరవం పెరిగింది. నార్వేలో పుట్టి కోపెన్‌హేగెన్‌లో చదివిన జె.సి. డాల్ 1829లో వోర్డింగ్‌బోర్గ్ దగ్గరి ఒక రాతి సమాధిని మంచులో, ఆకులు లేని రెండు ఓక్ చెట్ల మధ్య గీశాడు. యోహాన్ థామస్ లుండ్బీ 1839లో రాక్లెవ్ దగ్గరి మరొక రాతి సమాధిని చిత్రించాడు. అది ఇప్పుడు థోర్వాల్డ్‌సెన్ మ్యూజియంలో ఉంది.

1844లో కళా చరిత్రకారుడు ఎన్.ఎల్. హోయెన్ చేసిన ప్రసంగం ఈ ధోరణికి సిద్ధాంత బలం ఇచ్చింది. చిత్రకారులు ఇటలీ వైపు చూడడం తగ్గించి తమ నేలను, తమ గతాన్ని చిత్రించాలని అతడు కోరాడు. లుండ్బీ 1847లో గీసిన ‘ఆకురాలు కాలపు దృశ్యం, వాలెకిల్డె దగ్గరి హాంకెహోయ్’ ఈ పిలుపుకు దగ్గరగా నిలిచిన పని. హాంకెహోయ్ ఒక పురాతన సమాధి దిబ్బ. ఆకురాలు కాలమూ, సమాధీ, నిశ్శబ్దమూ మూడూ కలిసిన చిత్రం ఇది, చర్చి మాత్రం లేదు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో, జర్మన్ సరిహద్దు ప్రాంతమైన ష్లెస్విగ్ కోసం జరిగిన యుద్ధానికి స్వచ్ఛందంగా వెళ్లిన లుండ్బీ, తోటి సైనికుల తుపాకీ పొరపాటున పేలి 29వ ఏట చనిపోయాడు. ఆ సంగతి తెలిసి చూసేవారికి చిత్రంలో ముందస్తు సూచన కనిపించడం సహజమే గానీ, గీసిన చేతికి ఆ ఊహ లేదు.

ఈ దిబ్బల చిత్రాలు చర్చి ఆవరణ చిత్రాలకు ఒక ముఖ్యమైన పద్ధతిని ఇచ్చాయి. సమాధిని చిత్రం మధ్యలో పెట్టాలి, కానీ ఎవరి సమాధో చెప్పకూడదు. పేరు లేని సమాధి ముందు ఏడ్చేవారు ఉండరు, కాలం మాత్రమే ఉంటుంది. తర్వాత తెల్ల గోడ పక్కన ఇనుప శిలువలను గీసినవారు కూడా వాటి మీది అక్షరాలను చదవడానికి వీలు కాకుండా వదిలేయడం తరచుగా కనిపిస్తుంది.

జర్మన్ చిత్రంతో పోలిక

జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిష్ పేరు ఈ సందర్భంలో తప్పక వస్తుంది. అతడు 1794 నుంచి 1798 వరకు కోపెన్‌హేగెన్ అకాడమీలోనే చదివాడు కాబట్టి పోలిక న్యాయమైనదే. 1810లో బెర్లిన్‌లో ప్రదర్శించిన అతడి ‘ఓక్ అడవిలో మఠం’ చిత్రంలో శిథిలమైన ద్వారం వైపు సన్యాసులు శవపేటికను మోసుకెళ్తారు. చుట్టూ మంచు, వికృతంగా మెలితిరిగిన మోడు చెట్లు, ముందు తవ్విన గొయ్యి. అక్కడ ప్రతి వస్తువూ ఇంకొకదానికి గుర్తు.

డేనిష్ చిత్రంలో చర్చికి ఏమీ కాలేదు. కప్పు సరిగ్గా ఉంది, గోడకు ఆ ఏటి సున్నం పడింది, దారి ఊడ్చి ఉంది. రాలిన ఆకులను ఎవరో కుప్ప చేసి పెట్టారు. మృత్యువు గురించి ఆలోచించమని చిత్రం అడగదు. రేపు ఆదివారం ఇక్కడికి జనం వస్తారని మాత్రం తెలుస్తుంది. శిథిలం పట్ల ఫ్రీడ్రిష్ లాంటి జర్మన్ రొమాంటిక్ చిత్రకారులకు ఉన్న మక్కువ, సంరక్షణ పట్ల డేన్లకు ఉన్న మక్కువ రెండు వేర్వేరు నిశ్శబ్దాలను పుట్టించాయి. రెండవది చూడగానే పట్టు చిక్కదు. అందుకే దాన్ని మొదటి దాని నీరసమైన నకలుగా కొట్టిపారేయడం చాలాకాలం జరిగింది. ఆ అంచనా సరికాదు.

ఖాళీకి మతం ఇచ్చిన కారణం

ఈ ఆవరణల్లో మనుషులు ఎందుకు కనిపించరన్న ప్రశ్న తెలుగు పాఠకుడికి కలగడం సహజం. నవంబరు 2న జరిపే సమాధుల పండుగలో మన ఊళ్లలోని క్రైస్తవుల సమాధులు కొవ్వొత్తులతో, బంతిపూలతో, కుటుంబాల సందడితో నిండిపోతాయి. డెన్మార్క్ 1536లో లూథరన్ మార్గానికి మారింది. చనిపోయినవారి ఆత్మకు బతికున్నవారి ప్రార్థన వల్ల మేలు జరుగుతుందన్న నమ్మకాన్ని ఆ మార్గం పక్కన పెట్టింది. దానితో పాటు సమాధి దగ్గరి క్రతువులూ పలచబడ్డాయి. సమాధిని శుభ్రంగా ఉంచడమే అక్కడ మిగిలిన ప్రధాన విధి. పారా, పళ్లకర్ర, నీళ్ల డబ్బా, కత్తెర ఆ విధికి పనిముట్లు. నవంబరులో స్ప్రూస్ కొమ్మలను చిన్నచిన్నగా విరిచి, ఒకదాని తొడిమ మీద మరొకదాని ఆకులు పడేలా చేప పొలుసుల్లా పేర్చి సమాధిని కప్పే అలవాటు తర్వాతి కాలంలో బలపడింది. వేర్లను మంచు నుంచి కాపాడడానికి తోటపనిగా పనికొచ్చేదే చూడడానికి దుప్పటి కప్పినట్టు ఉంటుంది.

చట్టం కూడా తన వంతు చేసింది. నగరంలో చోటు చాలక 1760లో కోపెన్‌హేగెన్ గోడల బయట అసిస్టెన్స్ అనే సమాధుల తోటను తెరిచారు. పేరులోనే ‘సాయం’ ఉంది. మొదట పేదలకని మొదలైన ఆ చోటు 1785లో ఒక ఉన్నతోద్యోగి తనను అక్కడే పాతిపెట్టమని కోరిన తర్వాత పెద్దింటివారికీ నచ్చింది. 1805లో చర్చి భవనం లోపల ఖననాన్ని నిషేధించడంతో సంపన్నులు కూడా ఆరుబయటి గడ్డి కిందికి రావలసి వచ్చింది. సమాధి రాళ్లు, పోత ఇనుప శిలువలు, కంచెలు ఆవరణలో పెరిగాయి. అంటే చిత్రకారుడికి గీయడానికి వస్తువులు దొరికాయి. ఎకర్స్‌బెర్గ్, కోబ్కె ఇద్దరూ చివరకు అసిస్టెన్స్ తోటలోనే ఉన్నారు.

ఎల్.ఎ. రింగ్: నమ్మకం లేనివాడి చర్చి

1864లో ప్రష్యా, ఆస్ట్రియాల చేతిలో ఓడి డెన్మార్క్ ష్లెస్విగ్, హోల్‌స్టైన్ ప్రాంతాలను కోల్పోయింది. కుంచించుకుపోయిన దేశం లోపలికి చూసుకోవడం మొదలుపెట్టింది. పల్లె, పొలం, ఊరి చర్చి అప్పుడు చిత్రాల్లో మరింత బరువును మోశాయి. ఈ కాలంలో అత్యంత లోతైన పని చేసినవాడు లౌరిట్స్ ఆండర్సన్ రింగ్. 1854లో దక్షిణ జీలాండ్‌లోని రింగ్ అనే పల్లెలో పేద ఇంట పుట్టి, ఆ ఊరి పేరునే ఇంటిపేరుగా తీసుకున్నాడు. అతడు నాస్తికుడు. 1887 నాటి ఒక చిత్రంలో దారి పక్కన కూలబడిన ముసలమ్మ పైన ఆకాశంలో మృత్యువును నేరుగా గీశాడు. తర్వాత ఆ రకపు ప్రత్యక్ష సంకేతాలు అతడి పనిలో తగ్గుతూ వచ్చాయి. 1904లో ఫ్లోంగ్ అనే ఊరి చర్చి ఆవరణను చిత్రించే నాటికి, చెప్పదలచుకున్నదంతా చోటుకే అప్పగించే పద్ధతికి వచ్చాడు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. పునరుత్థానంపై నమ్మకం ఉన్న చిత్రకారుడికి చర్చి ఆవరణ ఒక మజిలీ. నమ్మకం లేనివాడికి అదే ఆఖరి చోటు. అందువల్ల అక్కడి గడ్డిపోచ, తడి రాయి, వంగిన కంచె వాటి కోసం అవే ముఖ్యమవుతాయి. దుఃఖం ఈ చిత్రాల్లోకి నిజంగా ప్రవేశించింది ఈ దారిలోనే. కన్నీళ్లు పెట్టే మనిషిని గీయకుండా, ఓదార్పును కూడా గీయకుండా, మధ్యాహ్నపు వాలు వెలుతురును మాత్రమే ఓపికగా గీయడం వల్ల అది వచ్చింది.

ఇప్పుడు ఆ ఆవరణలు

నేటి డెన్మార్క్‌లో చనిపోయినవారిలో పదిలో ఎనిమిది మందికి పైగా దహనం చేస్తున్నారు. చితాభస్మపు పాత్రకు శవపేటిక కంటే చాలా తక్కువ చోటు చాలు. సమాధి స్థలం అక్కడ శాశ్వత ఆస్తి కూడా కాదు. శవపేటికకు సాధారణంగా 20 ఏళ్లు, అస్థికల పాత్రకు 10 ఏళ్లు గడువు. కుటుంబం పొడిగించకపోతే రాయి తీసేసి, కంచె మొక్కలు పెరికి, గడ్డి వేస్తారు. దీంతో చాలా ఊళ్లలో ప్రహరీ లోపల ఖాళీ పచ్చిక పెరుగుతోంది. ఆష్ చెట్లకు సోకిన శిలీంధ్ర వ్యాధి పాత చెట్ల వరసలనూ పలచబరిచింది.

కాబట్టి ఈ చిత్రాల విలువ ఇప్పుడు ఇంకొక వైపు నుంచి పెరుగుతోంది. ఏ ఊళ్లో కంచె ఎంత ఎత్తున పెంచేవారు, చెక్క శిలువలు ఏ మూలన ఉండేవి, గోడకు సున్నం ఎక్కడి దాకా పడేది అన్న వివరాలకు అవి సాక్ష్యాలు. చిత్రంలోని ఇనుప శిలువ కోసం ఆ ఊరికి వెళ్లి వెతికితే చాలా చోట్ల దొరకదు. దాని వెనుక కనిపించిన తెల్లగోడ మాత్రం ఉంటుంది. నవంబరు మధ్యాహ్నం దాని నీడ ఉత్తరం వైపు పచ్చిక మీద, చిత్రంలో ఉన్నంత పొడవునే పడి ఉంటుంది.